రెండు ప్రాసెసర్లు, మాస్టారి బొట్టు

తిరువూరులో నలభై దాటినవాళ్ళ నోట ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. కొత్తగా కొన్న మోటారు మొదటిరోజే మొరాయించినా, కొత్త మిక్సీ పొగ వదిలినా, "మాస్టారు గానీ బొట్టు పెట్టారా ఏంటి?" అని నవ్వుకుంటారు. చాలామందికి ఆ మాస్టారెవరో, ఆ బొట్టేమిటో కూడా తెలియదు. నాకు తెలుసు. ఆ మాటకి మూలమైన అబద్ధం ఆడింది నేనే.

కంప్యూటర్లు బిగించే పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దుకాణం మూసేసి రెండేళ్ళయింది. ఇప్పుడు నాకు పోయే గిరాకీ ఏమీ లేదు కాబట్టి ధైర్యం వచ్చింది. ఈ ధైర్యం అప్పుడే వచ్చుంటే ఈ రాత అక్కర్లేకపోయేది.

మీ జేబులో ఉన్న ఫోనుకే ఇప్పుడు ఎనిమిది బుర్రలు ఉంటున్నాయి. రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తలో మా బల్లల మీది కంప్యూటర్లకి ఒక్కటే బుర్ర, అంటే ఒక్కటే ప్రాసెసర్. దానికే మేం మురిసిపోయేవాళ్ళం.

బస్టాండుకి దగ్గర్లో మేడమీద రెండు గదులు. ముందు గది మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. వెనక గది నా కంప్యూటర్ల బల్ల. నాకు టైపు నేర్పింది ఆయనే, తర్వాత సగం చోటిచ్చి నన్ను నిలబెట్టిందీ ఆయనే. వాళ్ళది అర్చకుల కుటుంబం. అన్నగారు గుడిలో గంట కొడుతుంటే ఈయన ఇక్కడ, లైను చివరికొచ్చిన ప్రతిసారీ టైపు మిషను మీద గంట కొట్టించేవారు. "గంట కొట్టడం మాకు తప్పదురా," అనేవారు.

అప్పట్లో కొత్త కంప్యూటర్ కొంటే కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టిగానీ స్విచ్చి నొక్కేవాళ్ళు కాదు. ఒకసారి ఒక పత్తి వ్యాపారి తన కంప్యూటర్‌కి మాస్టారి చేత బొట్టు పెట్టించాడు. ఆ ఏడు ఆయన వ్యాపారం ఎత్తుకుంది. అంతే, మాస్టారి హస్తవాసి మంచిదని పేరొచ్చేసింది. ఆయనకి ఖాళీ లేదంటే ముహూర్తం మార్చుకునేవాళ్ళు గానీ మాస్టారిని మార్చుకునేవాళ్ళు కాదు. ఆయనా ముచ్చట పడేవారు. ఇస్త్రీ చొక్కా జేబులో ఒక పక్క పెన్ను, ఇంకో పక్క బుల్లి కుంకుమ భరిణె. టైపు నేర్చుకునేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్న రోజులవి. ఊళ్ళో ఆయన్ని పిలిచి కుర్చీ వేసేది ఆ చేతి కోసమే. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఎండాకాలం విడిభాగాల కోసం బెజవాడ వెళ్ళినప్పుడు, నేను ఎప్పుడూ కొనే దుకాణంలో ఒక మదర్‌బోర్డు చూశాను. మామూలు దానికంటే వెడల్పు. ఏదో పెద్ద ఆఫీసు కోసం తెప్పిస్తే వాళ్ళు వద్దన్నారట. దాని మీద ప్రాసెసర్ పెట్టే గాడులు రెండు! అప్పటి ప్రాసెసర్లు ఇప్పటిలా బిళ్ళల్లా ఉండేవి కావు. వీడియో క్యాసెట్టులా నల్లటి డబ్బాలు, నిలువుగా గాడిలో గుచ్చాలి. రెండు డబ్బాలు పక్కపక్కన నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకుని నాకు ఒళ్ళు పులకరించింది. తిరుగు బస్సులో విండో సీటు దొరికినా బయటికి చూడలేదు. తిరువూరు దాకా ఆ బోర్డే కళ్ళ ముందు.

దాన్ని కొనిపించడానికి నాకు మనిషి సిద్ధంగా ఉన్నాడు. మా ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయన. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మామిడితోటలు, మాగాణి ఉన్న ఇంటి మనిషి, సరదాకి కెమెరా పట్టి చివరికి దాని వలలోనే పడ్డాడు. పెళ్ళి వీడియోలకి పువ్వులు రాలడం, గుండె బొమ్మలో వధూవరులు తిరగడం, అవన్నీ కంప్యూటర్లో కలిపే మిక్సింగ్ పని అప్పుడే వచ్చింది. ఒక్క పెళ్ళి కలపడానికి మిషను రోజంతా మూలిగేది.

"బాబాయ్, ఒంటెద్దు బండికీ జోడెడ్ల బండికీ తేడా మీకు నేను చెప్పాలా?" అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే రోజు పట్టే పని పూటలో అయిపోద్దంటావ్?"

"పూట కూడా ఎక్కువే."

"విస్సన్నపేటలో మా బావమరిదికి ఉందా ఇట్టాంటిది?"

"ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు."

ఆ చివరి మాటతో బేరం అయిపోయింది. బావమరిదికి కూడా స్టూడియో ఉంది మరి. ఆయన మిషను నిరుడు నేనే బిగించాను, అదే వేగం ప్రాసెసర్ ఒక్కటి పెట్టి. ఒంటెద్దు బండి.

రెండు ప్రాసెసర్లూ ఒకే వేగంవి, ఒకే రకంవి అయి ఉండాలి. ఆ మాట నోరు జారి బాబాయ్‌తో అన్నాను. ఆయన నాతోపాటు బెజవాడ బయల్దేరాడు. దుకాణంలో ప్రాసెసర్లని అటు తిప్పి ఇటు తిప్పి, సంతలో ఎడ్ల పళ్ళు చూసినట్టు వాటి అడుగున ఉన్న బంగారు రంగు గీతలు లెక్కపెట్టాడు. "ఇది దానికంటే కాస్త నలుపు తక్కువ కదయ్యా?" అని ఒకదాన్ని వెనక్కిచ్చాడు. దుకాణం వాళ్ళు నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను. నాలుగోసారికి ఆయనకి జత కుదిరింది.

తిరిగి వచ్చేటప్పుడు కండక్టరు మా ఒళ్ళోని డబ్బాలు చూసి ఆగాడు. "ఏంటండీ అవి? లగేజీ టికెట్టు తీసుకోవాలి."

"కంప్యూటర్ బుర్రలు," అన్నాడు బాబాయ్ గర్వంగా.

"రెండున్నాయే?"

"దానికి రెండు. నీకు తీసుకోమంటావా ఒకటి?"

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, టికెట్టు మాత్రం కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే బోర్డు బల్ల మీద పరిచాను. బోర్డుతోపాటు వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని మాస్టారు తీసుకున్నారు. ఆయనకి ఏ పుస్తకమైనా టైపు పరీక్షకిచ్చిన పేరాలాగే కనబడుతుంది. అట్ట నుంచి అట్ట దాకా, పెన్సిలుతో గీతలు గీస్తూ చదువుతారు. నేను పుస్తకాలు చదివే రకం కాదు. నలభై మిషన్లు బిగించిన చెయ్యి నాది, ఆ చేతికి అలవాటైన విండోస్ సీడీ ఒకటుంది. ఇళ్ళల్లో వాడే విండోస్. నలభైకీ అదే వేశాను, దీనికీ అదే వేస్తున్నాను.

ముందు గదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు వేసే విండోస్ రెండో ప్రాసెసర్ని పట్టించుకోదని రాశాడ్రా ఇందులో. ఎన్.టి. అని వేరే రకం ఉందట, అది వెయ్యాలట."

"మాస్టారూ, ఇది టైపు మిషను కాదండీ," అన్నాను.

పుస్తకంలో ఆ లైను కింద ఇంకో గీత గీసిన చప్పుడు వినబడింది. నేను స్విచ్చి వేశాను. మిషను నిద్ర లేస్తూనే నల్లటి తెర మీద ప్రాసెసర్లు రెండు అని రాసింది. "చూశారా! రెండని అదే చెప్తోంది!" అని కేకేశాను. బోర్డు లెక్కపెట్టడం వేరు, విండోస్ పని చేయించుకోవడం వేరు అని నాకు తోచలేదు. హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన పిల్లాడు పాఠం వింటున్నట్టు కాదు కదా. ఇప్పుడు ఇంత చక్కగా చెప్తున్నాను.

స్టూడియోలో పూజ నాడు బాబాయ్ ఒక మెలిక పెట్టాడు. మామూలుగా మాస్టారు క్యాబినెట్ ముందు భాగం మీద బొట్టు పెడతారు. బాబాయ్ ససేమిరా అన్నాడు. "బండికి పెడితే ఏం లాభం మాస్టారు గారూ? ఎడ్లకి పెట్టాలి. మూత తియ్యవయ్యా."

మాస్టారు వెనక్కి తగ్గారు. "లోపల వద్దండీ. సున్నితమైన వస్తువు."

"ఏం కాదు పెట్టండి మాస్టారూ," అన్నాను నేను. ఈ మాట నేనే అన్నాను. "వెనక వైపు ఉత్త ప్లాస్టిక్కే. అక్కడ కరెంటు లేదు, ఏమీ లేదు."

మాస్టారు నా ముఖంలోకి ఒకసారి చూసి, కుంకుమ తడిపి, ఉంగరం వేలి కొసతో రెండు నల్ల డబ్బాల వీపు మీదా రెండు బొట్లు పెట్టారు. గుండ్రంగా, చిన్నగా, అచ్చు గుద్దినట్టు. టైపు మాస్టారు కదా, రెండూ ఒకే లైన్లో ఉన్నాయి. ఆయన స్విచ్చి నొక్కారు. తెర మీద రెండు అంకె పడింది. బాబాయ్ ఈల వేశాడు. నేనూ వేశాను.

నాలుగు రోజుల పాటు నా కాలు నేల మీద లేదు. రెండు బుర్రల కంప్యూటర్ని చూడ్డానికి జనం వచ్చారు. విస్సన్నపేట నుంచి, గంపలగూడెం వైపు నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. బాబాయ్ మూత తీసి చూపించేవాడు, నేను ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఒకాయన, "ఒక బుర్రకి కోపమొస్తే రెండోది సర్ది చెప్పుద్దా?" అని అడిగాడు. "చెప్పుద్ది," అన్నాను. అప్పుడు ఏమడిగినా అవుననే అనేవాణ్ణి. మిక్సింగ్ ఎంత వేగంగా అవుతోందని మాత్రం బాబాయ్ గడియారం పెట్టి చూడలేదు, నేనూ చూడలేదు. వేగంగా ఉందని ఇద్దరికీ అనిపించింది. అంత ఆనందంలో ఉన్నవాళ్ళకి గడియారం గుర్తుకు రాదు.

ఐదో రోజు బావమరిది దిగాడు. ఊరికే రాలేదు. తన కంప్యూటర్ని ఆటోలో వేసుకుని, కింద పరుపు పరిపించి మరీ తెచ్చాడు.

"ఏం బావా, ఏనుగుని కొన్నావంట?"

"చూసి పోతావా, ఏడ్చి పోతావా?" అన్నాడు బాబాయ్.

"పందెం వేసి పోతా."

పందెం ఏమిటంటే, ఒకే పెళ్ళి, ఒకే ముక్క. తాళి కట్టే ఐదు నిమిషాలు. దాని మీద పువ్వులు రాలాలి. ఎవరి మిషను ముందు కలిపి ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు ఆ ఏటి మొదటి కోత బంగినపల్లి బుట్ట ఇచ్చుకోవాలి. పదకొండు గంటలకి స్టూడియో కిక్కిరిసిపోయింది. వాకిట్లో గోళీ సోడాలు పేలుతున్నాయి. రెండు తెరలు పక్కపక్కన పెట్టారు. మాస్టారిని టైము చూడమన్నారు. ఆయన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, పరీక్ష హాల్లో అన్నట్టే "స్టార్ట్" అన్నారు.

తెరల మీద రెండు నీలం పట్టీలు కదిలాయి. పట్టీ కుడి చివరికి చేరితే పని అయినట్టు. పావు వంతు దాకా సమానం. సగం దాకా సమానం. నాకు చెమట మొదలైంది. "జోడెడ్లు ఇంకా మేత మేస్తున్నాయా బావా?" అన్నాడు బావమరిది. ముప్పావు దగ్గర ఒంటెద్దు బండి ఒక వెంట్రుకవాసి ముందుకి జరిగింది. చివరికి నేను నిరుడు బిగించిన మిషను, ఈ ఏడు నేను బిగించిన మహత్తర యంత్రాన్ని దాదాపు అర నిమిషం తేడాతో ఓడించింది.

చెప్పకూడదు గానీ, ఒక్క క్షణం నాకు నిరుటి మిషనుని చూసి గర్వం కలిగింది.

తర్వాత గోల. బావమరిది కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "మా అక్కకి చెప్పండ్రా, మామిడి బుట్ట సర్దమని!" నవ్వులు, ఈలలు. బాబాయ్ ముఖం మాడిపోయింది. "ఏమయ్యా, రెండో ఎద్దు ఏది?" అని నన్ను అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు.

నేను మూత తీశాను. తీస్తుండగానే పెన్సిలు గీత గీసిన ఆ లైను గుర్తొచ్చింది. ఆ క్షణంలో నాకు నిజం తెలిసిపోయింది. ఈ మాట కూడా రాయాలి. తెలియక చెప్పిన అబద్ధం కాదు నాది. లోపల రెండు బొట్లు ఎర్రగా, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని చూస్తూనే నా నోరు కదిలింది.

"కుంకుమ రాలి గాడిలో పడింది బాబాయ్. రెండోదానికి దెబ్బ తగిలింది."

అందరి చూపూ నన్ను వదిలి మాస్టారి మీదికి పోయింది. ఆయన తన ఉంగరం వేలి వంక చూసుకున్నారు. తర్వాత జేబురుమాలు తీసి, ఆ వేలిని తుడుచుకున్నారు. దాని మీద ఏమీ లేదు. గడియారం తీసి చేతికి పెట్టుకుని మెట్లు దిగారు. వెనకనుంచి ఎవరో అన్నారు: "మాస్టారి బొట్టు దెబ్బ!" నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ నవ్వుల్లో నాదీ ఉంది. నా మీదినుంచి చూపులు పోయాయన్న హాయికి వచ్చిన నవ్వు అది.

మిషను నా బల్ల దగ్గరికి తెచ్చుకున్నాను. బెజవాడ వెళ్ళి ఎన్.టి. రకం విండోస్ తెచ్చి వేశాను. అందులో ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చూపించే చిన్న కిటికీ ఒకటుంటుంది. తెరిస్తే రెండు గళ్ళు, రెండు గళ్ళలో రెండు ఆకుపచ్చ గీతలు, రెండూ కొండలెక్కి దిగుతున్నాయి! ఇన్నాళ్ళూ ఒక ఎద్దు బండి లాగుతుంటే రెండోది బండెక్కి కూర్చుందన్నమాట. తాళి కట్టే ఐదు నిమిషాలూ సగానికి కాస్త పైబడిన టైములోనే కలిసిపోయాయి. నేను పిచ్చివాడిలా గది చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు గదిలోకి పరిగెత్తి, "మాస్టారూ, రెండూ లేచాయి!" అన్నాను.

ఆయన వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆ గీతలు చాలాసేపు చూశారు. "బాగుందిరా," అన్నారు. నిజంగా సంతోషపడ్డారు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది.

"బాబాయ్‌కి చెప్తానండీ, విండోస్ వల్లేనని," అన్నాను. చెప్పాలనే అనుకున్నాను.

"ఏమని చెప్తావు? నలభై మిషన్లు బిగించినవాడికి ఏ విండోస్ వెయ్యాలో తెలియదనా? ఆ నలభై మందీ రేపు మెట్లెక్కి వస్తారు." ముందు గది వైపు తిరుగుతూ అన్నారు. "నా హస్తవాసి పోయినా నాకు టైపొచ్చు. నీ పేరు పోతే నీకేం వచ్చురా?"

అది అడ్డుకోవడం కాదు, నాకు దారి వదలడం. నేను ఆ దారినే పోయాను. మిషను తిరిగిచ్చేటప్పుడు బాబాయ్‌తో, "రాలిన కుంకుమంతా బ్రష్షుతో దులిపాను, ఇప్పుడు బాగైంది," అన్నాను. మొదటి అబద్ధం భయంతో చెప్పాను. రెండోది మాత్రం తీరిగ్గా చెప్పాను. మిషను గుర్రంలా పరిగెత్తడం చూసి ఊరంతా ఆ మాటే నమ్మింది. రెండో పందెంలో బావమరిది చిత్తుగా ఓడి, తిన్న బుట్టకి రెండు బుట్టలు పంపాడు.

మాస్టారిని మళ్ళీ ఎవరూ బొట్టు పెట్టమనలేదు. ఒక ఎరువుల దుకాణం వాళ్ళు అంతకుముందు ఆయన పెట్టిన బొట్టుని తడిగుడ్డతో తుడిపించుకున్నారు. తుడిచింది నేనే, సర్వీసుకని పిలిచారు. కొన్నేళ్ళకి మాస్టారు ఇంట్లోకి కంప్యూటర్ కొనుక్కుంటే నేనే బిగించాను. స్విచ్చి నొక్కమంటే ఆయన వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, ఒకసారి వచ్చి ఇది నొక్కు," అన్నారు. నేను తలవంచుకుని వైర్లు సర్దుకున్నాను. ఆయన చొక్కా జేబులో పెన్ను ఒక్కటే ఉంది.

మొన్న వేసవిలో బాబాయ్ స్టూడియో గోడౌను ఖాళీ చేస్తూ ఫోన్ చేశాడు. "నీ జోడెడ్ల బండి ఇక్కడే ఉందయ్యా. పాత సామాన్లవాడికి వేసెయ్యనా?" వెళ్ళాను. దుమ్ము దులిపి మూత తీశాను. ఇన్నేళ్ళ సర్వీసుల్లో నేను ఏ రోజూ ఆ రెండు డబ్బాల వీపు ముట్టుకోలేదు, ధైర్యం చాలక. బొట్లు రెండూ అలాగే ఉన్నాయి. రంగు ముదిరాయి గానీ అంచు కూడా చెదరలేదు. ఒకే లైన్లో ఉన్నాయి.

"బాబాయ్, ఇవి చూడండి. ఇవి ఎప్పుడూ రాలలేదు," అని అక్కడే, గోడౌనులో నిలబడి మొత్తం చెప్పాను. సగంలో ఆయన పాత డబ్బా మీద కూర్చున్నాడు.

"అంటే ఆ పందెం ఓడింది నీ వల్లా?"

"నా వల్లే."

"మాస్టారి వల్ల కాదా?"

"కాదు."

"ఇరవై ఏళ్ళ నుంచి ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకున్నాను కదయ్యా నేను!" అని లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. "పట్టు ఆ పక్క," అని మిషనుకి ఒక వైపు చెయ్యి వేశాడు.

ఇద్దరం దాన్ని ఆటోలో వేసుకుని మాస్టారింటికి వెళ్ళాం. దారిలో కనబడ్డ ప్రతివాడికీ బాబాయ్ ఆటో ఆపించి మరీ చెప్పాడు, "బొట్టు తప్పు కాదంట్రా, ఈ మహానుభావుడిదంట!" అని. ఆ ఆటోలో నేను ఎంత కుంచించుకుపోయానో, అంత తేలికపడ్డాను కూడా. మేం చేరేసరికి మా వెనక మరో రెండు బళ్ళు వస్తున్నాయి.

మాస్టారికి డెబ్బై అయిదు దాటాయి. వరండాలో మిషను పెట్టి మూత తీశాం. ఆయన వంగి, భూతద్దం పెట్టుకుని, తన బొట్లు తాను చూసుకున్నారు. "రెండోది కాస్త ఎడమకి పోయిందిరా," అన్నారు.

బాబాయ్ ఆయన పాదాల దగ్గర కూర్చుని, మాస్టారి ఇల్లాలు తెచ్చిన కుంకుమ భరిణె ముందుకి జరిపాడు. "మీ చేత్తో పెట్టి స్విచ్చి నొక్కండి మాస్టారు గారూ. నడవకపోయినా సరే, మీ చేత్తోనే నొక్కాలి."

గేటు దగ్గర జనం మెడలు సాచి చూస్తున్నారు. మాస్టారు కుంకుమ తడిపారు. ఉంగరం వేలు క్యాబినెట్ దాకా వెళ్ళి, గాల్లో ఆగింది. ఆయన నా వైపు తిరిగారు.

"ముందు ఇది చెప్పు. ఏ విండోస్ వేశావు?"